నాగుల్మీరా మామ పట్టిన తాడు

ఏందబ్బాయ్ అది, భుజాన చుట్టలు చుట్టి ఏలాడేసుకున్నావు? తాడా? ఇట్టా రంగురంగుల తాడు నేనెప్పుడూ చూళ్ళా. పెళ్ళిపందిరికి కట్టే సామానేమో అనుకున్నా. కొండకా? కృష్ణ ఒడ్డు కొండలకే? మంచిదే, మంచిదే, పొయ్యిరా. మీవోళ్ళు వచ్చిందాకా ఈడ కూచో, ఆ గోడ నీడకి జరుగు. ఊరికే ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. నువ్వు దిగుతుంటే పైన తాడెవరు పట్టేది? ఫ్రెండా? ఫ్రెండంటే, నీ పెళ్ళాం తోడబుట్టినోడా? పెళ్ళే కాలేదా! ఓరి నీ దుంపతెగ, పెళ్ళిగాకండా కొండ దిగుతానంటావేందిరా, నీకు తాడెవరు పడతారు? నవ్వు, నవ్వు. నేను ఎగతాళికి అంటంలా. మా గూడెంలో బామ్మర్ది లేనోడు తేనెకి దిగేవోడు గాదు. దిగనిచ్చేవోళ్ళు గాదు. సంబంధం చూడబోతే మావోళ్ళు ముందు పిల్లకి అన్నో తమ్ముడో ఉన్నాడా, ఉంటే వాడి చేతులెట్టా ఉన్నయ్యి అని చూసేవోళ్ళు. పిల్ల మొహం తర్వాత.

మేం చెంచోళ్ళం, నీకు తెలుసుగా. ఇయ్యాల మాచర్లలో రేకులింట్లో ఫ్యానేసుకుని కూచున్నాగానీ మా నాయన గురవయ్య రోజుల్లో అడివే ఇల్లు మాకు. కొండతేనె అంటే నువ్వు సీసాలో చూసినోడివి. అది బండ చరియకి కింది పక్క ఏలాడతా ఉంటది, ఒక్కో పట్టు చేటంత, సగం చేట గాదు, నిండు చేటంత. కింద నుంచి అందదు. పైనించి నడుముకి తాడు కట్టుకుని, చేతిలో తేనెటీగల్ని తోలే పొగ కట్ట పట్టుకుని దిగాల. అడ్డతీగ నార తీసి ఏటేటా కొత్తగా పేనేవోళ్ళు ఆ తాడు, పాతది పనికిరాదు. పైన ఒట్టి బండ. చెట్టు లేదు, పుట్ట లేదు, కట్టడానికి ఏమీ లేదు. ఒక మనిషి రాతికి కాళ్ళు తన్నిపెట్టి, తాడుని ఈపు చుట్టూ తిప్పుకుని కూచుంటాడు. ఆ మనిషే గుంజ. ఆ మనిషి దిగినోడి పెళ్ళానికి తోడబుట్టినోడయ్యుండాల. సొంత తమ్ముడు గూడా పనికిరాడు. ఎందుకంటావా? సొంత తమ్ముడికి ఒదిన మీద కన్నుండొచ్చు, ఏదన్నా కడుపులో ఉండొచ్చు, మా పెద్దోళ్ళు ఒట్టి అనుమానపు మనుషులు. పెళ్ళాం అన్నయితే? చెల్లెలి బొట్టు వాడి చేతిలో ఉంది. ప్రాణం పోయినా ఒదలడు. పెళ్ళాం మాత్రం తాడు ముట్టగూడదు. అది మైలా గియిలా ఏం గాదు. మొగుడి బరువు చేతికి తెలిస్తే చెయ్యి వణుకుద్ది, వణికే చెయ్యి తాడుకి పనికిరాదు అనేది మా అమ్మ. అందుకని ఆడోళ్ళు కింద చెలమ కాడ కుండలు పెట్టుకుని కూచునేవోళ్ళు. పైనోడు కేకేస్తా ఉంటాడు, "ఉన్నా బావా" అని. కిందోడికి పైనోడు కనపడడు మరి, బండ అడ్డం. ఆ కేకే ధైర్యం. కేక ఇంటా ఉంటే చెలమ కాడ ఆడోళ్ళు గూడా నింపాదిగా ఉండేవోళ్ళు.

మా అమ్మ అంజమ్మకి ఒక్కడే అన్న, బయన్న. వాడే మా నాయనకి తాడు పట్టేది. చండశాసనుడు. నవ్వడు, మాట్లాడడు, మాట్లాడితే తగువు. చేతులు మాత్రం, ఏం జెప్పను, ఈ తలుపు చెక్కలంత. నాకు ఇంకో మేనమామ ఉన్నాడు. నాగుల్మీరా మామ. ఏందట్టా చూస్తావ్? అవును, సాయిబే. ఈ మాచర్ల మనిషే. చెంచోడికి సాయిబు మేనమామ ఎట్టా అయ్యాడంటే, ఆగు, అదే జెప్పేది. నా చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం ఆయన కుంటుకుంటా గూడేనికి వచ్చేవోడు, ఎడం కాలు ఈడ్చేవోడులే. సంచీలో నాకు బెల్లపుండలుండేయి. "ఒరే అల్లుడూ" అని కేకేసేవోడు ఊరవతల నుంచే. మా బయన్న మామ పిలిస్తే పలికేవోణ్ణిగాదు నేను, భయం. ఈయన పిలిస్తే పరిగెత్తేవోణ్ణి. ఆయన పెళ్ళాం సాబిరత్తయ్య సేమ్యా పాయసం పండక్కి కుండతో పంపేది. సాబిరత్తయ్య పాయసంలో యాలక్కాయలెక్కువ, అది వేరే సంగతి. ఆయన చేతులు చూడాల్సింది నువ్వు. అరిచేతుల్లో అడ్డంగా, ఈడ నుంచి ఈడదాకా, తెల్లటి చారలు. వేళ్ళు పూర్తిగా మూసుకోవు. టీగ్లాసు రెండు చేతులతో పట్టుకునేవోడు. ఆ చేతులు చూపించి మా అమ్మ నాతో ఏమనేదో తెలుసా? దణ్ణం పెట్టుకోరా అనేది.

ఆయన ఫారెస్టు గార్డు. యుద్ధం రోజులు, జర్మనీవోడి యుద్ధం. రైళ్ళకి కట్టెలంట, బొగ్గులంట, అడివంతా రిజర్వు చేసి పడేశారు. పుల్ల ఇరవగూడదు, తేనె కొయ్యగూడదు. మా అడివిలో మమ్మల్నే దొంగల్ని చేశారు, చూసుకో. నాగుల్మీరా మామ అప్పటికి మామ గాదుగా, గార్డు. కాకీ చొక్కా, నడుముకి ఇత్తడి బిళ్ళ బెల్టు, కాళ్ళకి కింద మేకులు కొట్టిన బూట్లు. మావోళ్ళ గొడ్డళ్ళు లాక్కున్నాడు. ఒకసారి తేనెకుండ బూటుతో తన్నాడు. ఇంకోసారి మా బయన్న మామని ఆడోళ్ళందరి ముందు లాఠీతో ఈపు మీద కొట్టాడు. ఆ మాట నేను దాయను. ఆయనే దాచలా నాకు. "కొట్టానురా అల్లుడూ, గట్టిగానే కొట్టా, ఉద్యోగం కొత్త" అని చెప్పేవోడు. అసలు మావోళ్ళు తేనెకి చీకట్లోనే దిగుతారు, చీకట్లో ఈగకి కళ్ళు కనపడక మెత్తగా ఉంటది. ఆ ఏడు గార్డు రాత్రిళ్ళు నిప్పు యాడ కనపడుద్దా అని కాపలా కాస్తన్నాడు. అందుకని మా నాయన, తెల్లారినాక పోదాం, పగలు వాడు పడుకుంటాడు అన్నాడు. అదీ వాళ్ళు చేసిన పొరపాటు. పగలు ఈగకి కోపమెక్కువ. పొగ గూడా పగలే దూరానికి కనపడేది. నాగుల్మీరా మామ పడుకోలా.

పొగ చూశాడు. చూసి, లోయ చుట్టూ తిరిగొచ్చి, వీళ్ళని తేనెతో సహా పట్టుకోవాలని చరియ అంచమ్మటి నడిచొచ్చాడు. ఎండాకాలం, బోదగడ్డి ఎండి నున్నగా ఉంటది. మేము దాని మీద చెప్పు గూడా ఏసుకోం, ఒట్టి కాలితో వేళ్ళు పాతి నడుస్తాం. ఆయనవి మేకుల బూట్లాయె. సర్రున జారాడు. పడటం పడటం చరియ మధ్యలో మంచమంత మెట్టుంది, దాని మీద పడ్డాడు, తాటిచెట్టంత లోతున. మా నాయన ఏలాడుతున్నది సరిగ్గా ఆ పక్కనే. పడేటప్పుడు ఒక పట్టుకి భుజం తగిలింది. ఇంక ఈగలు చూడు. ఆయన కాలు మోకాలి కింద ఇరిగి అటు తిరిగిపోయింది. పైన బయన్న మామకి రాళ్ళు దొర్లిన చప్పుడే ఇనపడింది. "ఉన్నా బావా! ఏందది?" అన్నాడు. మా నాయన ఏమన్నాడనుకున్నావ్? "ఏం లేదు, రాయి జారింది" అన్నాడు. అబద్ధం. ఎందుకాడాడో ఇంటే నీకే తెలుస్తది.

మా నాయన మెట్టు మీద కాలు మోపి చూస్తే గార్డు. తన్నిన గార్డు, కొట్టిన గార్డు. "అమ్మీ, అమ్మీ" అని ఏడుస్తున్నాడంట చంటిపిల్లోడిలాగా. చేతిలో పొగ కట్ట ఒకటే. అది ఆరిపోతే ఇద్దరూ అయిపోతారు. తాడు ఒకరికే. నేను పెద్దయినాక మా నాయన్ని అడిగా, ఎందుకు నాయనా, నువ్వు పైకి పోయి, వాడి సంగతి తర్వాత చూడొచ్చుగా అని. మా నాయన తత్తరపడి, "ఏడుస్తన్నాడ్రా, పక్కన ఏడుస్తుంటే మనం పొయ్యేదెట్టా" అన్నాడు. అంతే. ఇంకేం చెప్పలా ఎప్పుడూ. గొప్ప మాటలు మా నాయనకి రావు. పొగ కట్ట ఇద్దరి మధ్యలో పెట్టి, తన నడుం తాడు ఇప్పి గార్డు నడుముకి కట్టాడు. కట్టేటప్పుడు చెప్పాడంట: "నోరు మూసుకో. పైకి చేరిందాకా ఊపిరి గట్టిగా తియ్యమాక. నీ గొంతు ఇన్నాడంటే మా బామ్మర్ది తాడొదిలేస్తాడు." తాను పైకొచ్చేటప్పుడు తాడుని ఎట్టా లాగి సైగ చేస్తాడో, అట్టాగే లాగాడు. పైన బయన్న మామ, బావొస్తన్నాడనుకుని లాగటం మొదలుపెట్టాడు. నాగుల్మీరా మామ నాతో అనేవోడు, "అల్లుడూ, నేను నా జన్మలో అంత భయపడింది ఆ బండ ఎక్కేటప్పుడే. కింద ఈగలకి గాదు, పైన ఉన్న మనిషికి. వాడి ఈపు మీద నా లాఠీ దెబ్బ ఇంకా మానలేదు, వాడి చేతుల్లో నా ప్రాణం. ఏడుద్దామంటే ఏడవగూడదు."

అంచు మీదికి ముందు చేతులొచ్చినయ్యి. కాకీ చొక్కా చేతులు. తర్వాత తల. బయన్న మామ కళ్ళూ ఈయన కళ్ళూ కలిసినయ్యి. ఒక జానెడు తాడు కిందికి జారింది. కావాలని ఒదిలాడో, చూసి చెయ్యి సడలిందో, అది బయన్న మామని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. నాగుల్మీరా మామ అప్పుడు నోరు తెరిచాడు. "మీ బావే కట్టాడు" అన్నాడు. అంతే అన్నాడు. బయన్న మామ పళ్ళు కొరికి లాగి పైన పడేశాడు. చానా ఏళ్ళకి, తాగున్నప్పుడు ఒకసారి అన్నాడు, "వాణ్ణి నేను లాగలేదురా, మా బావేసిన ముడిని లాగా" అని. నాకు ఆ మాట ఇష్టం. అటువంటి మనుషులురా మావోళ్ళు. నేను చెప్పుకుంటా, ఎందుకు చెప్పుకోగూడదు? నీకు మీ తాత ఏ కరణీకమో చేశాడని చెప్పుకోవాలనుంటదిగా, నాకు ఇది.

సరే, యాడున్నా? ఆఁ. "ఉన్నా బావా" అని కేకేశాడు బయన్న మామ. పలకలా. మళ్ళీ ఏశాడు. పలకలా. పక్కకి పాకి, వంగి చూస్తే పొగ ఆరిపోయుంది. మా నాయన మెట్టు మీద ముడుక్కుని పడున్నాడు, ఈగలు ఒళ్ళంతా. ఒక కాలు మెట్టు దాటి బయటికి ఏలాడతా ఉంది. ఇంకొంచెం కదిలితే లోయే. తాడు చూస్తే, పైకి లాగేటప్పుడు గార్డు బెల్టు ఇత్తడి బిళ్ళకి ఒరుసుకుని ఒక పురి తెగుంది. ఒక మనిషిని మోస్తది, ఇద్దర్ని మొయ్యదు. గూడేనికి పరిగెత్తి మనుషుల్ని, ఇంకో తాడుని తెచ్చేటప్పటికి ఎండ నడినెత్తికొస్తది, ఆయన మిగలడు. బయన్న మామకి ఒక దారి ఉంది. పక్కన నెర్రెల్లో వేళ్ళు పెట్టుకుంటా తాడు లేకండా దిగగలడు, ఆ మనిషి దిగగలడు. దిగి, బావకి తాడు కట్టి, కింద నుంచి భుజంతో ఎత్తుకుంటా రావాల. మరి పైన తాడెవరు పట్టాల? ఒళ్ళు తెలియని మనిషి, తనంతట ఎక్కలేడు, ఎక్కిన కొద్దీ తాడు లాగి బిగించి పట్టేవోడు ఉండాల. ఉన్నది ఒక్కడే. కాలిరిగి, మొహమంతా వాచి, బండ మీద పడున్న గార్డు.

ఇప్పుడు చూడు. మావోళ్ళలో తాడు పట్టినోడు తాడు ఒదిలి పక్కకి పోగూడదు. చచ్చినా పోగూడదు. పోయినా ఇంకొకడి చేతికియ్యగూడదు. బయన్న మామ కట్టుబాట్లంటే ప్రాణమిచ్చే మనిషి, గూడెంలో ఒకడు చిన్న తప్పు చేశాడని వాడింట్లో ఇంక నీళ్ళు తాగనోడు. ఆయన గార్డు వైపు తిరిగాడంట. నాగుల్మీరా మామ చెప్పేవోడు, "నన్ను తన్నబోతున్నాడనుకున్నా" అని. తన్నలా. దగ్గరికొచ్చి గొంతుక్కూచుని అడిగాడు.

"నీకు చెల్లెళ్ళున్నారా?"

"లేరు" అన్నాడు ఈయన.

"ఇప్పుడుంది. అంజమ్మ దాని పేరు. పట్టు."

అని, ఈయన్ని అంచు కాడికి ఈడ్చుకుపోయి, బాగున్న కాలు రాతికి తన్నించి, తాడు ఈపు చుట్టూ తిప్పి, రెండు చేతుల్లో పెట్టాడు. "కేకెయ్యి. ఉన్నా బావా అని. నీ కేక ఆగితే తాడొదిలేశావనుకుంటా" అన్నాడు. బెదిరించలా, బతిమాలలా. దిగిపోయాడు.

ఆడ ఒక్కడే కూచుని ఏమేం అనుకున్నాడో నాకు చానాసార్లు చెప్పాడు నాగుల్మీరా మామ. ఏమీ దాచుకోకండా. పాక్కుంటా పోదామనుకున్నాడంట. లోయ అవతల బాటుంది, బండ్లోళ్ళెవరన్నా వస్తారు. చూసేవోళ్ళు లేరు, అడిగేవోళ్ళు లేరు. ఇద్దరు చెంచోళ్ళు తేనెకి పోయి పడి చచ్చారంటే ఎవడడుగుతాడు ఆ రోజుల్లో? ఇంకోటి గూడా అనుకున్నాడంట, వీళ్ళు బతికి పైకొస్తే నన్ను బతకనిస్తారా అని. "మరెందుకు పోలేదు మామా" అంటే, "ఏమో అల్లుడూ, తాడు కింద బరువు తెలిసింది, బరువు తెలిసినాక ఎట్టా పోతావు" అనేవోడు. మా నాయనదీ ఇదే తీరు, అడిగితే ఏదో ఒక చిన్న మాట చెప్పి తప్పించుకుంటారు. మొదట ఊరికే "ఉన్నా" అన్నాడు. "ఉన్నా, ఉన్నా" అన్నాడు. బావా అనటానికి సిగ్గేసిందంట. కింద నుంచి బయన్న మామ, "ఎవడికి ఉన్నావురా, సరిగ్గా ఎయ్యి!" అని తిట్టాడు. అప్పుడు "ఉన్నా బావా!" అని ఎత్తుకున్నాడు. ఇంక ఆపలా. నొప్పికి కళ్ళు చీకట్లు కమ్ముతున్నయ్యి, తాడు అరిచేతుల్లోకి దిగుతా ఉంది, అయినా కేక ఆపలా.

ఆ కేక కింద చెలమ కాడ మా అమ్మకి ఇనపడింది. చూడు, మా అమ్మ చిన్నప్పట్నుంచి అన్న గొంతు ఇన్న మనిషి. ఈ గొంతు ఎవరిదో. యాస గూడా మనది గాదు, సాయిబుల యాస. ఎవడో పరాయోడు తన మొగుణ్ణి బావా బావా అని అరుస్తున్నాడు, అన్న గొంతు లేదు, మొగుడి గొంతు లేదు. కుండలు అక్కడే ఒదిలేసి, గొడ్డలి తీసుకుని ఎక్కింది. మా అమ్మ కొండెక్కిందంటే ఎక్కటమే, ఊపిరి తీసుకోవటముండదు. పైకొచ్చి చూస్తే కాకీ చొక్కా. కుండ తన్నినోడు. తాడు వాడి చేతుల్లో. అన్న లేడు. ఇంక ఆమె ఏమనుకోవాల? గొడ్డలెత్తిందంట. ఆ మాట మా అమ్మే చెప్పింది, "ఎత్తానురా, దించేదాన్నే" అని. ఎత్తి, "ఎవడివిరా నువ్వు ఆ తాడు పట్టటానికి?" అంది. ఆయన ఎనక్కి తిరిగి చూళ్ళా. చూడటానికి లేదు, అప్పుడే బరువంతా తాడు మీద పడింది, ఆయన ముందుకి ఈడ్చుకుపోతున్నాడు, ఇరిగిన కాలు బండ మీద రాసుకుంటా. అట్టాగే అంచు వైపు చూస్తానే అన్నాడు.

"నీ అన్నని."

ఏమి మాట చూడు! ఉద్యోగం గాదు, పేరు గాదు, ఊరు గాదు. నీ అన్నని. ఏడుపొస్తది నాకు ఇప్పటికీ, ఎందుకు రాకూడదు?

మా అమ్మ గొడ్డలి కింద పెట్టింది. మరి తాడు ముట్టగూడదే. ముట్టి సాయం పడదామంటే ముట్టగూడదు, ముట్టకపోతే ఈయన అంచు దాటి పోయేట్టున్నాడు. పరాయి మొగోణ్ణి గూడా ముట్టగూడదు అనుకో, అది వేరే. కానీ అన్నని అన్నాడుగా. అన్నని పట్టుకోవచ్చు. తాడు ముట్టకండా, ఎనక నుంచి కూచుని, రెండు కాళ్ళు రాతికి తన్నిపెట్టి, రెండు చేతులూ ఆయన నడుం చుట్టూ వేసి పట్టుకుంది. మా కట్టుబాటు తప్పలేదు, మనిషీ పోలేదు. మా గూడెంలో పెద్దమనుషులు తర్వాత దీని మీద తెగ మాట్లాడుకున్నారు, తప్పా ఒప్పా అని, సారా కుండ ఖాళీ అయిందాకా. తప్పు లేదని తేల్చారు. తేల్చకపోతే మా అమ్మ ఊరుకునేదా?

ఇప్పుడు చెప్పేది నాగుల్మీరా మామ నాకెప్పుడూ చెప్పలా. అన్నీ చెప్పేవోడు గదా, లాఠీ దెబ్బ గూడా చెప్పేవోడు గదా, ఇది మాత్రం చెప్పలా. మా అమ్మ చెప్పింది, ఆయన పోయినాక. ఆయన పోయినప్పుడు మా అమ్మ గూడెం నుంచి మాచర్ల దాకా నడిచొచ్చింది, బస్సెక్కనంది. ఆ దారిలో చెప్పింది నాకు. ఆయన నడుం చుట్టూ చేతులేసిందిగా, ఏస్తే చేతికి ముడి తగిలింది. తాడు కొస ఉంటది గదా, ఎనక మిగిలింది, అది ఆయన తన నడుముకి కట్టుకున్నాడు. గట్టిగా, రెండు ముళ్ళు. అంటే ఏంది? కళ్ళు తిరిగి చేతులు ఒదిలేసినా తాడు పోదు. కింద వాళ్ళు పడితే ఈయన గూడా పోతాడు. అర్థమయిందా? ఒదలకండా ఉంటాననే నమ్మకం లేదు ఆయనకి తన మీద. నొప్పికి ఏ నిమిషం పడిపోతాడో తెలవదు. అందుకని ముందే కట్టుకున్నాడు. చెప్పినోడు లేడు, చూసినోడు లేడు. మా అమ్మ రాకముందే కట్టుకున్నాడది. మా అమ్మ ఏమంది తెలుసా? "నీ అన్నని అన్నప్పుడు నేను సగమే నమ్మానురా. ముడి చేతికి తగిలినాక ఇంక వాణ్ణి ఒదిలితే ఒట్టు అనుకున్నా" అంది.

ముందు మా నాయన తల కనపడింది అంచు మీద. వాచిపోయి ఎవరో ఏందో తెలియకండా ఉన్నాడంట, ఊపిరి మాత్రం ఆడతా ఉంది. కింద నుంచి బయన్న మామ భుజం పెట్టి నెట్టాడు. ఈయన లాగాడు. మా అమ్మ మొగుణ్ణి చూసి గూడా చేతులు తియ్యలా ఈయన నడుం మీద నుంచి, అన్న గూడా పైకొచ్చిందాకా తియ్యలా. బయన్న మామ ఎక్కాడు. ఒళ్ళంతా ఈగ ముళ్ళు. వచ్చి బావ నోట్లో నీళ్ళు పోశాడు, రొమ్ము మీద చెవి పెట్టి ఇన్నాడు. అప్పుడు లేచి గార్డు కాడికొచ్చాడు. "ఇంక ఒదులు. అయిపోయింది, ఒదులు" అన్నాడు. వేళ్ళు రాటంలా. తాడు మాంసంలోకి దిగుంది. ఒక్కో వేలు మెల్లగా ఇప్పాడు బయన్న మామ, ఆ తలుపు చెక్కల చేతులతో. ఇప్పి, తాడు తీసుకుందామని లాగితే తాడు రాలా. ఇంకోసారి లాగాడు. గార్డు మనిషంతా కదిలాడు దాంతోపాటు. అప్పుడు చొక్కా ఎత్తి చూశాడు ముడి.

మా అమ్మ వైపు చూశాడు, ఆమె తల ఊపింది. బయన్న మామ ఆ ముడి ముందు మోకాళ్ళ మీద కూచుని ఇప్పటం మొదలుపెట్టాడు, బిగుసుకుపోయిందది, గోళ్ళతో, పళ్ళతో. ఇప్పుతా ఇప్పుతా అన్నాడంట, ఎవరితోనూ గాదు, ముడితో అన్నట్టు.

"ఇన్నేళ్ళ నుంచి మా బావకి పడుతున్నా. నేనెప్పుడూ కట్టుకోలా."

…

ఏంది, పిలుస్తున్నావా? ఆఁ, ఇంటున్నాలే. ఆ చెంబు ఇటియ్యి. ఎండ ఈడిదాకా వచ్చింది, నువ్వటు జరుగు.